కప్ప నిద్రపోతోంది

నవంబరు 3, సోమవారం

ఏడో తరగతి దాకా చదివాను. ఆ తర్వాత సంతకం తప్ప ఏమీ రాయలేదు. తప్పులుంటే ఉండనీ, చూసేదెవరు.

హోటలు లాండ్రీలో రాత్రి ఎనిమిదింబావుకి బ్రేకు. పావుగంట. నాలుగు నెలల కిందటి దాకా ఈ పావుగంట ఫోనుకి చాలేది కాదు. ఇప్పుడు ఎంతకీ గడవదు. ఉతికిన దుప్పట్లు పేర్చే అరల వెనక స్టూలు వేసుకుని రాస్తున్నాను. ఇస్త్రీ రోలరు దగ్గర నాకు ఎదురుగా నిలబడి దుప్పటి రెండో కొస పట్టుకునే అక్క తొంగి చూసింది. ఆవిడ్ని అందరం రోలరక్క అంటాం.

"ఏంటి పిల్లా, ఆస్తి పంపకాలా?"

"అవునక్కా. నా ఏప్రాను నీకే రాశాను."

"చిరుగున్నదా, మంచిదా?"

నవ్వింది. నేనూ నవ్వాననుకుంటాను.

నవంబరు 4, మంగళవారం

అత్తయ్య చూసి ఉండాల్సింది. ఇంట్లో ఉన్నది ఆవిడే కదా.

నవంబరు 5, బుధవారం

కథల సంగతి రాయాలి. అది రాయకపోతే ఇంకేం రాసినా ఉత్తదే.

నా షిఫ్టు మధ్యాహ్నం రెండు నుంచి రాత్రి పది. ఇంటికి వెళ్ళేసరికి పిల్లలు నిద్రలో ఉండేవాళ్ళు. అందుకని బ్రేకులో ఫోను చేసేదాన్ని. అత్తయ్య ఫోను స్పీకర్లో పెట్టి దిండు మీద ఉంచి, వంటగది సర్దుకోవడానికి వెళ్ళిపోయేది. పెద్దది పిడుగు, పదేళ్ళు. చిన్నది నత్త, ఏడేళ్ళు. ముద్ద నోట్లో పెట్టుకుని గంటసేపు నములుతుందని వాళ్ళక్క పెట్టిన పేరు అది.

"ఇవాళ్టివి మూడు చెప్పండి" అనేదాన్ని. ఆ రోజు బడిలోనో వీధిలోనో జరిగినవి మూడు. వాటితోనే నేను కథ అల్లాలి. కథలో వాళ్ళిద్దరూ ఉండాలి. మూడిట్లో ఒకటి జారవిడిచానో, పిడుగు ఊరుకునేది కాదు. "అమ్మా, లెక్కల సారు తుమ్ము ఏమైంది?" అనేది. లెక్కల సారు తుమ్ముకి ఎగిరిపోయిన ఊరి కథ అలా పుట్టిందే. నత్త చెప్పేవి మూడూ ఒకటే. "పెన్సిలు పోయింది, దొరికింది, మళ్ళీ పోయింది."

ఇక్కడ వాషింగు మిషన్ల దగ్గరివాళ్ళు, మడతలు పెట్టేవాళ్ళు, అందరూ చెవులు ఇటే వేసేవాళ్ళు. కథ సగంలో బెల్లు కొడితే నాకంటే ముందు రోలరక్కే తిట్టుకునేది.

నాకు పెద్దగా ఏమీ రాదు. కథలొక్కటే వచ్చు. అవి కూడా నా పిల్లల కథలే. ఇంకొకళ్ళ పిల్లలకి చెబితే అందులో ఏముందంటారు.

ఇప్పుడు ఫోను లాకర్లో పెట్టి వస్తున్నాను.

నవంబరు 9, ఆదివారం

ఆయన లారీ దిగి వచ్చారు. వారానికి ఒక్కరోజు ఇంట్లో. ఆ ఒక్కరోజూ ఇంట్లో గాలి ఆడదు. తల్లితో ఆయన మాట్లాడి నాలుగు నెలలు. ఇద్దరూ నాలుగు అడుగుల దూరంలో కూర్చుని ఉంటారు, మధ్యలో నేను.

"ఆవిడ్ని తినమను."

"అత్తయ్యా, తినమంటున్నారు."

"ఆకలిగా లేదని చెప్పమ్మాయ్."

"ఆకలిగా లేదటండీ."

"ఎందుకుంటుంది" అని లేచి చెయ్యి కడుక్కున్నారు.

అత్తయ్య పళ్ళెం వైపు చూస్తూనే అంది, "ఇరవై మూడో తారీఖున వెళ్ళిపోతాను. మీ వదిన రమ్మంటోంది. ఇక అక్కడే ఉంటాలే." నాకు చెప్పినట్టు చెప్పి కొడుక్కి వినిపించింది. వదినంటే ఆవిడ కూతురు. అక్కడికి బస్సులో అయిదు గంటలు. ఆయన కిటికీలోంచి బయటికే చూశారు. ఉండమని అనలేదు.

నేను కూడా అనలేదు.

హాస్పిటల్లో ఆ రోజు డాక్టరు అడిగింది ఇంకా చెవిలో ఉంది. "ఎన్నాళ్ళ నుంచి నొప్పి? ఎవరికీ చెప్పలేదా?" అని. నేను "నాకు చెప్పలేదండీ" అన్నాను. "మరి పిల్లతో ఇంట్లో ఎవరున్నారు?" అన్నాడు. ఆయన తల తిప్పి వాళ్ళమ్మని చూశారు. అప్పటి నుంచి మళ్ళీ చూడలేదు.

నవంబరు 10, సోమవారం

కడుపునొప్పి అని పిడుగు నాకు చెప్పలేదు. అబద్ధం కాదు.

కడుపులో ఏదో ఉంది అంది. అంతే. నొప్పి అన్న మాట దాని నోట రాలేదు.

వచ్చిందేమో. మిషన్ల చప్పుడులో సరిగా వినలేదు.

నవంబరు 12, బుధవారం

నత్త టీచరమ్మ బడికి రమ్మని కబురు పెట్టింది. షిఫ్టుకి ముందు వెళ్ళాను. పిల్లల ముందు కాకుండా నన్ను వరండాలోకి తీసుకెళ్ళి చెప్పింది.

"మీ అమ్మాయి అల్లరి చెయ్యదమ్మా."

"మంచిదే కదండీ."

"మంచిది కాదు. అసలు కదలదు. ఆటల పీరియడ్లో బెంచీ మీద చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటుంది. పక్క పిల్లలు నవ్విస్తే చెవులు మూసుకుంటోంది. మొన్న ఒక పిల్ల కింద పడి అందరూ నవ్వితే, ఇది లేచి 'నవ్వకండి, నవ్వకండి' అని ఏడ్చింది."

"వాళ్ళక్క పోయింది కదండీ."

"తెలుసమ్మా. దాని గురించి పిల్లతో ఎవరన్నా మాట్లాడారా?"

మాట్లాడామన్నాను.

ఎవరమూ మాట్లాడలేదు.

నవంబరు 13, గురువారం

ఇవాళ మూడు వందల దుప్పట్లు. చెయ్యి ఎత్తలేను.

నవంబరు 16, ఆదివారం

ఆయన బండి పనికని బయటికి వెళ్ళారు. అత్తయ్య పడుకుంది. నత్తకి తలంటి, జుట్టు ఆరబెడుతూ గుమ్మంలో కూర్చోబెట్టుకున్నాను. టీచరమ్మ చెప్పింది అడగాలి, ఎలా అడగాలో తెలియలేదు. చక్కిలిగింత పెడితే నవ్వుతుందేమోనని నడుం దగ్గర వేళ్ళు ఆడించాను. బిగుసుకుపోయింది. నా చెయ్యి పట్టుకుని తీసేసింది.

"వద్దమ్మా. లేస్తుంది."

"ఏం లేస్తుందే?"

"కప్ప."

దువ్వెన చేతిలోనే ఉండిపోయింది.

"నా కడుపులో కూడా ఉందేమో తెలీదు కదా" అంది. అని, తల దించుకుని, వేలితో గుమ్మం మీద గీతలు గీస్తూ మొత్తం చెప్పింది. మాట మార్చకుండా రాస్తాను.

"నువ్వు ఫోనులో చెప్పావు కదా, కడుపులో కప్ప దూరిందని, కదలకుండా పడుకుంటే నిద్రపోయి పొద్దున్నే బయటికి వెళ్ళిపోతుందని. అక్క అస్సలు కదల్లేదమ్మా. బోర్లా కూడా తిరగలేదు. నేనే నవ్వించాను. బుధవారం సాయంత్రం. నానమ్మలా గురక పెట్టి చూపించాను. అక్క నవ్వింది. నవ్వి కడుపు పట్టుకుంది. 'లేపేశావే నత్తా' అంది. నేను సారీ చెప్పా. అయినా అది లేచిపోయింది. అందుకే కదా అక్క చచ్చిపోయింది."

నాలుగు నెలల నుంచి ఏడేళ్ళ పిల్ల దీన్ని మోస్తూ బడికి వెళ్ళి వస్తోంది. దాని జడ నేనే వేస్తున్నాను. దాని డబ్బా నేనే కడుగుతున్నాను.

"కప్పలేం లేవే" అన్నాను.

"మరి ఎందుకు చెప్పావు?"

జడ వేశాను. వంకరగా వచ్చింది. విప్పి మళ్ళీ వేశాను.

నవంబరు 17, సోమవారం

కప్ప కథ చెప్పిన ఆ మంగళవారం సంగతి రాస్తున్నాను.

హోటల్లో పెద్ద మీటింగు. గదులన్నీ నిండాయి. పై అంతస్తుల నుంచి దుప్పట్లు సంచులు సంచులుగా కిందికి జారుతూనే ఉన్నాయి. బ్రేకు అయిదు నిమిషాలకి కోసేశారు. ఫోను చేసి "తొందరగా మూడు చెప్పండి" అన్నాను. పిడుగు చెప్పింది. బడి గేటుకి కొత్త రంగు వేశారు. వాన నీళ్ళలో కప్పని చూశాం. మూడోది, "అమ్మా, నాకు కడుపులో నొప్పిగా ఉంది. పొద్దున్నించీ."

నొప్పి అనే అంది. బాగానే వినపడింది.

నేను కథ అల్లాను. అల్లకుండా ఉండాల్సింది. "ఒక పిల్ల ఉండేది, రంగు ఆరని గేటు దూకి బడికి వెళ్ళింది. నవ్వుతూ నోరు తెరిచి దూకితే వానకప్ప గుటుక్కున కడుపులోకి పోయింది" అన్నాను. అటు నుంచి నత్త కిలకిలా నవ్వింది. ఇటు రోలరక్క నవ్వింది. మూడూ వచ్చేశాయి, ఒక్కటి కూడా జారలేదు. నాకు గొప్పగా అనిపించింది. అదీ రాయాలి. గొప్పగా అనిపించింది.

ఇవాళ ఇదంతా రోలరక్కతో అన్నాను. దుప్పటి రెండు కొసలూ పట్టుకుని ఎదురెదురుగా ఉన్నాం. ఆవిడ దుప్పటి వదల్లేదు.

"నవ్వులాటకి చెప్పావు చెల్లీ. నేనూ నవ్వాను కదా. నాకూ పాపమేనా?"

"నీకెందుకుంటుందక్కా."

"మరి నత్తకెందుకుంది?"

రోలరులోకి దుప్పటి వంకరగా పోయింది. సూపర్వైజరు అరిచాడు. "మీ ముచ్చట్లకి దుప్పటి రోలరుకి చుట్టుకుపోతుంది, చూసుకోండి!"

"నిన్నే చుట్టాలి దానికి" అని రోలరక్క గొణిగింది. తర్వాత నా వైపు చూడకుండా అంది, "నత్తకి నిజం చెప్పాలంటే ముందు పెద్దాళ్ళకి చెప్పాలి. లేకపోతే అది రేపు నానమ్మ దగ్గర అంటుంది, నువ్వు మళ్ళీ కాదంటావు. ఆ పిల్ల ఎవర్ని నమ్మాలి?"

నవంబరు 19, బుధవారం

అంతా రాయలేదు. ఇంకా ఉంది.

కథలో ఇంకో మాట చెప్పాను. "కప్ప సంగతి నానమ్మకి చెప్పకూడదు. పెద్దవాళ్ళు వింటే గట్టిగా అరుస్తారు, ఆ అరుపుకి కప్ప లేస్తుంది."

ఎందుకన్నానో నాకు తెలుసు. అంతకు ముందు నెలలో నత్తకి ఒళ్ళు వెచ్చబడితే అత్తయ్య ఫోను మీద ఫోను చేసింది. ఆఫీసుకి చేసింది, సూపర్వైజరుకి చేసింది. సగం షిఫ్టులో పరిగెత్తుకుంటూ వెళ్ళాను. వెళ్ళేసరికి పిల్ల ఆడుకుంటోంది. "ఇంకోసారి ఇలా మధ్యలో పోతే తిరిగి రానక్కర్లేదు" అన్నాడు సూపర్వైజరు. అందుకని. ఆ రోజు ఫోను రాకూడదని.

పిడుగు మాట మీద నిలబడే పిల్ల. చెప్పొద్దంటే చెప్పదు.

ఆ మర్నాడు, బుధవారం పొద్దున్న, నుదురు ముట్టుకున్నాను. కాలుతోంది. "ఎలా ఉందే?" అన్నాను. కళ్ళు తెరవకుండా, పెదాలు కదిలీ కదలనట్టు, "నిద్రపోతోందమ్మా" అంది. నాకు అర్థమైంది. అర్థమై నవ్వాను. మాత్ర వేసి, బడి మానిపించి, "జ్వరం అంతే అత్తయ్యా, పడుకోనివ్వండి, కదిలించకండి" అని నేనే చెప్పి పనికి వెళ్ళాను.

సాయంత్రం ఫోనులో అడిగితే, "ఇంకా నిద్రపోతోంది. నొప్పి కూడా పోయిందమ్మా" అంది. నాకు హాయిగా అనిపించింది. నొప్పి పోవడం పేగు లోపల పగిలిపోయాకే అని తర్వాత డాక్టరు చెప్పాడు. గురువారం తెల్లవారుతూనే వాంతులు. శనివారానికి లేదు.

ఒక్కరోజు ముందు తెచ్చినా బతికేదన్నాడు. ఆ ఒక్కరోజు నా చేతిలోనే ఉంది. దాన్ని అత్తయ్య చేతిలో పెట్టి ఊరుకున్నాను.

నవంబరు 22, శనివారం

అత్తయ్య బట్టలు సర్దుకుంటోంది. పక్కన కూర్చుని మడతలు పెట్టాను. మడతలు పెట్టడం నాకు బాగా వచ్చు.

"అత్తయ్యా."

"ఏంటమ్మాయ్."

"ఆ స్వెట్టరు కూడా పెట్టమంటారా? అక్కడ చలిగా ఉంటుందేమో."

"పెట్టు."

నవంబరు 23, ఆదివారం

చెప్పాను.

పదిన్నర బస్సు. తొమ్మిదింటికి అత్తయ్య సంచి గుమ్మం దగ్గర పెట్టుకుని కుర్చీలో కూర్చుంది. ఆయన చెప్పులు వేసుకుంటూ, "బండి పిలవాలేమో అడుగు ఆవిడ్ని" అన్నారు. నత్త వీధి చివర కొట్టుకి వెళ్ళింది, నానమ్మకి బిస్కెట్లు తేవడానికి.

"ఏమండీ, పిడుగు నాకు చెప్పింది" అన్నాను.

"ఏం చెప్పింది?"

"కడుపు నొప్పని. మంగళవారమే. ఫోనులో."

ఒక చెప్పు చేతిలో, ఒకటి కాలికి.

"డాక్టరు అడిగితే చెప్పలేదన్నావు."

"అబద్ధం చెప్పాను."

ఆగితే మళ్ళీ నోరు రాదని మొత్తం చెప్పేశాను. కప్ప, నుదురు, మాత్ర, అన్నీ. నానమ్మకి చెప్పొద్దని అన్నది నేనేనని కూడా. అత్తయ్య వైపు చూడకుండా మొదలుపెట్టాను, చివరికి ఆవిడ వైపు చూసే చెప్పాను.

"నాకు చెప్పొద్దన్నావా?" అంది అత్తయ్య.

"ఊ."

"ఎందుకే?"

"మీరు ఆఫీసుకి ఫోను చేస్తారని."

అత్తయ్య చిన్నగా, "చేసేదాన్నే" అంది. "చేసేదాన్నే. మీ ఆఫీసు తగలబడినా చేసేదాన్ని."

ఆవిడ గొంతు అంత చిన్నగా ఎప్పుడూ వినలేదు.

"నా పక్కలో పడుకున్న పిల్ల. తడిగుడ్డ వేశాను, కాళ్ళు పట్టాను. 'ఏంటమ్మా, ఎక్కడ బాగోలేదు' అని ఎన్నిసార్లు అడిగానో. తల అడ్డంగా ఊపింది. అంత పరాయిదాన్నయ్యానా దీనికి అని నాలుగు నెలలుగా అదే. పడుకుంటే అదే, లేస్తే అదే. నేనంటే భయపడిందా, నేనేమన్నా ఎప్పుడన్నా కసిరానా అని. ఒకసారి గ్లాసు పగలగొడితే కసిరాను. అదే పెట్టుకుందేమో మనసులో అని..."

ఆయన వచ్చి కుర్చీ పక్కన నేల మీద కూర్చున్నారు. "అమ్మా" అన్నారు.

"ఇప్పుడొద్దురా" అంది. "ఇప్పుడు నన్ను పిలవకు."

బండి పిలవక్కర్లేదు, నడుస్తానంది. ఆయన సంచి తీసుకుంటే వద్దనలేదు. నత్త బిస్కెట్లు తెచ్చి ఇస్తే తీసుకుని ముద్దు పెట్టుకుంది. గుమ్మం దాటాక ఒక్కసారి వెనక్కి తిరిగింది. తిట్టమని నిలబడ్డాను. తిట్టలేదు.

"దీనికి చెప్పావా?"

"ఇంకా లేదత్తయ్యా."

"ముసలిదాన్ని, నేనేదో మోశాను. అది ఏడేళ్ళది. ముందు దానికి చెప్పు. కొన్నాళ్ళు నాకు ఫోను చెయ్యకు అమ్మాయ్. నేనే చేస్తాను, చెయ్యాలనిపిస్తే."

నవంబరు 24, సోమవారం

నిన్న ఆయన అత్తయ్యని బస్సు ఎక్కించి వచ్చి, భోజనం చెయ్యకుండా లారీకి వెళ్ళిపోయారు. వెళ్ళే ముందు ఒకటే అడిగారు. "నాకన్నా చెప్పొచ్చు కదా."

పొద్దుటి షిఫ్టుకి మార్చమని సూపర్వైజర్ని అడిగాను. ఇంట్లో చూసేవాళ్ళు లేరని చెప్పాను. ఒప్పుకోకపోతే మానేస్తానన్నాను. పిల్లని బడికి దింపి వస్తే అరగంట ఆలస్యం అవుతుందని కూడా చెప్పాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. అప్పుడు కూడా ఇలాగే అడిగి ఉండొచ్చు. అడగడానికి ఇంతసేపే పట్టింది.

నవంబరు 26, బుధవారం

పొద్దుటి షిఫ్టు. రోలరక్క లేని రోలరు. కొత్తమ్మాయికి దుప్పటి పట్టుకోవడం రాదు. ఇవాళ నత్తకి చెబుదామనుకున్నాను. రేపు.

నవంబరు 28, శుక్రవారం

ఇవాళ చెప్పాను.

అది పడుకుంది, వెల్లకిలా, చేతులు రెండూ పక్కన పెట్టుకుని. పక్కన పడుకున్నాను. నాలుగు నెలల్లో మొదటిసారి కథ చెప్పనా అని అడిగాను. "మూడు చెప్పాలా?" అంది. "వద్దు, ఇది నిజం కథ" అన్నాను.

"ఒక పిల్ల ఉండేది. పదేళ్ళు. దానికి కడుపు నొప్పి వచ్చింది. వాళ్ళమ్మకి చెప్పింది. వాళ్ళమ్మ పనిలో ఉంది. పని వదిలి రావడం ఇష్టం లేక, ఒక అబద్ధం కథ చెప్పింది. కదలొద్దంది. ఎవరికీ చెప్పొద్దంది. ఆ పిల్ల అమ్మ మాట నమ్మి అలాగే చేసింది. అది కప్ప కాదు, జబ్బు. డాక్టరు దగ్గరికి వెంటనే తీసుకెళ్తే తగ్గేది. వాళ్ళమ్మ తీసుకెళ్ళలేదు. ఆ పిల్ల చచ్చిపోయింది."

ఫోనులో చెప్పేటప్పుడు మొహాలు కనిపించేవి కావు. ఇప్పుడు కనిపిస్తోంది.

"అందులో నేనెక్కడున్నాను?"

"నువ్వు పక్కనే ఉన్నావు. గురక పెట్టి అక్కని నవ్వించావు."

"నవ్వితే నొప్పొచ్చింది."

"నొప్పి అంతకు ముందు రోజు నుంచే ఉంది. నీ నవ్వు దాన్నేమీ చెయ్యలేదు. ఆ రెండు రోజుల్లో అక్క నవ్వింది ఆ ఒక్కసారే. అది నువ్వు ఇచ్చావు."

పైకి చూస్తూ ఆలోచించింది. ముద్ద నమిలినట్టే, నెమ్మదిగా.

"ఆ అమ్మ చెడ్డదా?"

"ఆ రోజు చెడ్డ పని చేసింది."

"నువ్వేనా?"

"నేనే."

కాదంటుందేమోనని చూశాను. అనలేదు. అటు తిరిగింది. వీపు నా వైపు. నిద్రపోయిందనుకున్నాను.

"మరి నాకు కడుపు నొప్పొస్తే?"

"అరిచెయ్. నాకు వినపడేదాకా. నేను వినకపోతే టీచరమ్మకి, పక్కింటివాళ్ళకి, దారిన పోయేవాళ్ళకి."

"గట్టిగానా?"

"గట్టిగా."

"ఎంత గట్టిగా?"

"నువ్వే చూపించు."

లేచి కూర్చుంది. నా వైపు అనుమానంగా చూసింది. గుండె నిండా గాలి పీల్చుకుని "అమ్మా" అని ఒక్క అరుపు అరిచింది. కిటికీ రెక్క అదిరింది. పక్కింటివాళ్ళు గోడ మీద దబదబా బాదారు. "ఏంటండీ ఆ గోల, పడుకోనివ్వరా?"

అది బెదిరి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

ఆ చెయ్యి తీసి, మళ్ళీ అరవమన్నాను.